టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

శనివారం ఉదయం నా ఫోన్ దానంతట అదే మోగుతుంది. ఆ అలారం పెట్టింది నేను కాదు. రెండేళ్ళ క్రితం ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఏవో నాలుగు చోట్ల నొక్కి, "ఇగ మీరు మరిచినా ఇది మరువదు అంకుల్" అని తిరిగి ఇచ్చింది. మోగినప్పుడల్లా తెర మీద 'అంకుల్, క్లాస్' అని వస్తుంది.

ఆమె పోయి నెల దాటింది. మొన్న శనివారం కూడా మోగింది. అప్పుడు నేను బుకిట్ బటోక్‌లో మా బ్లాక్ పక్కనున్న హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల చావడిలో, కాఫీ తాగుతున్నాను. పక్క బల్ల మీద ఎవరో ఓ టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోడానికి వెళ్ళారు. ఈ ఊళ్ళో అదొక ఆచారం. టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఎవరిదో అయిపోయినట్టే. దాన్ని 'చోప్' చేయడం అంటారు. తట్ట చేత్తో పట్టుకుని జనం ఎంతసేపైనా నిలబడతారు గానీ ఆ కుర్చీలో కూర్చోరు. పది సెంట్ల కాగితపు పొట్లానికి మనిషికిచ్చినంత మర్యాద.

రెండేళ్ళపాటు శనివారం శనివారం నేను చేసిన పని అదే. ఆమె క్లాసులో నేను టిష్యూ ప్యాకెట్‌ని.

ఆమెది హైదరాబాదు. అక్కడ ఒక బళ్ళో లెక్కల టీచరుగా చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చింది. భర్త సైన్స్ పార్క్‌లో ఏదో ఆఫీసులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి, లిఫ్ట్‌లో కనబడితే సలాం చెప్పి తలుపు పట్టుకునేవాడు. ఒకరోజు ఆఫీసులోనే గుండె ఆగిపోయింది. పిల్లలు లేరు. ఆమె ఫ్లాట్ ఖాళీ చేసి, మా అంతస్తులోనే ఒక మలాయ్ ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఆ గదిలోనే మంచం, ఆ గదిలోనే బడి. ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పేది.

హైదరాబాదు తోలిచౌకిలో ఉన్న ఆమె అన్న వారం వారం ఫోన్ చేసి వచ్చెయ్యమనేవాడు. మంచివాడే. 'నా ఇంట్ల నీకేం తక్కువ' అనేవాడట.

"ఏం తక్కువ లేదు అంకుల్" అనేది నాతో. "ఆడికి పోతే కూచోబెట్టి అన్నం పెడ్తరు. ఈడ నేను టీచర్‌ను. ఆడ నేను ఎవరు? ఇంట్ల ఉన్న అత్త."

అన్నకూ ఆమెకూ ఒక ఒప్పందం కుదిరింది. గది అద్దె వెళ్ళేటంతమంది పిల్లలు డబ్బు కట్టి నిలబడితే ఇక్కడే ఉంటుంది. ఏడాది చివరికి నిలబడకపోతే పెట్టె సర్దుకుంటుంది. పిల్లలు రావాలంటే మొదట ఉచిత క్లాసు పెట్టాలి. అందరూ పెడుతున్నారు, తనూ పెట్టింది. ప్రతి శనివారం పదింటికి, ఎవరైనా రావచ్చు.

మొదటి రెండు వారాల తర్వాత నా తలుపు కొట్టింది.

"మకాన్ అయిందా అంకుల్?"

ఈ మలాయ్ తిండి మాట ఆమెకు ఎంత నచ్చిందో, పొద్దున, మధ్యాహ్నం, ఎప్పుడు కనబడ్డా అదే పలకరింపు.

"అయింది. ఏమిటమ్మాయ్ కథ?"

"శనివారం జర నా క్లాస్ల కూచుంటరా?"

"నేనా? నాకు ఐదో తరగతి కూడా లేదు."

"మంచిదే గద. నేను చెప్పేది ఐదో తరగతే."

తమాషా కాదు, నిజంగానే అడిగింది. ఉచిత క్లాసు తెరిచిన తల్లికి తెర మీద తన పిల్లా టీచరూ తప్ప ఇంకెవరూ కనబడకపోతే, ఈ టీచరు దగ్గరికి ఎవరూ రారు కాబోలనుకుని మూసేస్తుందట. "ఖాళీ హోటల్ల ఎవరన్న తింటరా అంకుల్? తెర మీద ఒక్క డబ్బా ఎక్కువ కనిపిస్తే చాలు. మీరు మాట్లాడొద్దు, మొఖం చూపియ్యొద్దు."

"అంటే నన్ను టిష్యూ ప్యాకెట్‌లాగా కుర్చీ మీద పడేస్తావన్నమాట!"

గోడకు ఆనుకుని మరీ నవ్వింది. "హౌ, అవు అంకుల్! మస్తు చెప్పిన్రు. చోప్ అంకుల్!" ఆ రోజు నుంచి నా పేరు అదే.

మా మనవరాలు లాప్‌టాప్ పెట్టి, కెమెరా ఆపి, మైకు ఆపి, "తాతా, డోంట్ టచ్ ఎనీథింగ్ లా. జస్ట్ సిట్" అని ఈ ఊరివాళ్ళ 'లా' తోక తగిలించి హెచ్చరించి వెళ్ళిపోయేది. నేను ఒక నల్లటి డబ్బానై, అందులో ఒక అక్షరాన్నై కూర్చునేవాణ్ణి. ఇది మోసమని ఎవరైనా అంటే అననివ్వండి. కుర్చీ పట్టుకుని ఉండటం ఈ ఊళ్ళో ఎవరూ తప్పనుకోరు.

నేను మలయా రబ్బరు తోటల్లో పుట్టినవాణ్ణి. తోట బడి మూతపడితే నా చదువూ మూతపడింది. తర్వాత చదివినదంతా పాత పేపర్లు, డబ్బాల మీది లేబుళ్ళు, ఓడల మీది పేర్లు. కుర్రవాడిగా ఈ ఊరొచ్చి ఓడల యార్డులో ఉక్కు పలకలు కోస్తూ ముసలివాణ్ణయ్యాను. నాకు పాఠం ఎవరూ ఊరికే చెప్పలేదు, డబ్బు పుచ్చుకునీ చెప్పలేదు. అందుకే ఒక టీచరు పాఠం చెబుతుండగా మొదటినుంచి చివరిదాకా చూడటం నాకు ఆ వయసులో కొత్త.

ఏం చూశానో చెబుతాను. క్లాసు మొదలుపెట్టే ముందు చున్నీ అంచుతో కెమెరా తుడిచేది. బోర్డు తుడిచే అలవాటు అక్కడికి చేరిందనుకుంటాను. రాసేది ప్లాస్టిక్ కలంతో, గాజు పలక మీద. అయినా ఒక లెక్క పూర్తవగానే రెండు చేతివేళ్ళూ దులుపుకునేది, సుద్దపొడి రాల్చుకుంటున్నట్టు. ఇంకొకటి. ప్రశ్న అడిగాక పిల్లల వైపు చూసేది కాదు. ముఖం కిటికీ వైపు తిప్పేసి, ఎదురు బ్లాకు మీద బట్టలు ఆరేసిన వెదురు కర్రల్ని చూస్తూ ఉండిపోయేది. ఎంతసేపైనా సరే. తల్లులు వెనకనుంచి "సే లా, సే" అని గొణుగుతుంటే వినిపించుకునేది కాదు.

"ఎందుకమ్మాయ్ అటు తిరుగుతావు, అలిగినట్టు?" అని అడిగాను ఒకసారి.

"మీరు మూతి మీద చూస్తుంటే మీకు అన్నం దిగుతదా అంకుల్? ఆలోచన గూడ అంతే. జర అటు తిరగాలె."

ఇదంతా బాగానే ఉంది. నా గొడవ వేరు. ఉచిత క్లాసు అనగానే కొంచెం రుచి చూపించి ఊరుకోవాలా? ఆమె గంటంతా చెప్పేది. వచ్చిన పిల్లకి ఎక్కడ చిక్కుపడిందో పట్టుకుని, ఆ చిక్కు విప్పేదాకా వదిలేది కాదు. చిక్కు విడిపోయాక ఆ తల్లి ఏమంటుంది? "థాంక్యూ సిస్టర్, ఇప్పుడు వచ్చేసింది" అంటుంది. ఇంకెందుకు కట్టడం? ఇలాంటి ఇళ్ళు నేను చాలా చూశాను. ఈ శనివారం ఈ టీచరు, వచ్చే శనివారం ఇంకో మాస్టారు. ఉచిత క్లాసుల మీదే ఏడాది చదువు గట్టెక్కించేవాళ్ళు. మంచి ఉద్యోగాలు, మంచి ఫ్లాట్లు, వారాంతానికి మంచి హోటళ్ళు. హాకర్ సెంటర్‌లో కాఫీ అతని దగ్గరికెళ్ళి 'ఈరోజు ఊరికే పొయ్యి, బాగుంటే రేపు కొంటాను' అనమనండి చూద్దాం! అతను గరిట విసురుతాడు. టీచరు మాత్రం విసరకూడదు. టీచరు నవ్వుతూ ఉండాలి.

మా తోటలో ఒక పెద్దాయన సాయంత్రాలు ఇసకలో అక్షరాలు దిద్దించేవాడు. దిద్దుకున్న పిల్లలు ఆయనకి కట్టెలు కొట్టిపెట్టేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు. ఆయన అడగలేదు. కానీ ఊరికే లేచిపోవడమనేది ఎవరికీ తోచలేదు. ఈ మాట ఆమెతో చెప్పి, "ఉచితం ఆపెయ్ అమ్మాయ్" అనేవాణ్ణి.

"అంకుల్, మా చార్మినార్ కాడ మిఠాయి దుకాణంల అడిగినా అడగకున్నా ఒక ముక్క చేతుల పెడ్తరు. ఆ ముక్క ఏడికెల్లి ఇస్తరు? అదే పళ్ళెంలకెల్లి. చక్కెర తక్కువేసి వేరే ముక్క చెయ్యరు."

"ముక్క పెడతారమ్మా, పళ్ళెం చేతికివ్వరు!"

"మీరు ఫీజు కట్టలే కదా, మీకెందుకింత లొల్లి?" అని నవ్వేది.

ఏడాది సగం దాటింది. వచ్చిన పిల్లలు వచ్చినట్టే వెళుతున్నారు. నిలబడినవాళ్ళతో అద్దె సగం కూడా తేలటంలేదు. అప్పుడు ఆమె భర్తకు తెలిసిన ఒక కుర్రాడు సలహా ఇస్తానని వచ్చాడు. మనవాడే, గుంటూరు వైపువాడు. ఏదో ట్యూషన్ కంపెనీ నడుపుతున్నాడు. మా బ్లాక్ కింద ఖాళీ స్థలంలో రాతిబల్ల దగ్గర కూర్చున్నాం. నన్నూ ఆమే పిలిచింది.

"మీ ఫ్రీ క్లాస్ చూశానాంటీ. సూపర్. కానీ ఫ్రీ క్లాస్ అంటే ట్రైలర్. మీరు సినిమా మొత్తం చూపించేస్తున్నారు. ఇంకెవరు టికెట్ కొంటారు?"

"మరి ఏం చెయ్యాలె బాబూ?"

"సింపుల్, ఆంటీ. పిల్లాడికి ఎక్కడ డౌటో కనుక్కోండి. అక్కడిదాకా తీసుకెళ్ళండి. అక్కడ ఆపెయ్యండి. మిగతాది రెగ్యులర్ క్లాస్‌లో అనండి."

"ఆపేస్తే పిల్లగాడు గాడనే నిలబడి ఉంటడు గద?"

"అదే పాయింటాంటీ! నిలబడితేనే మళ్ళీ వస్తాడు."

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, సముద్రం మధ్యలో పడవ ఆపి టికెట్ అడుగుతావా నువ్వు?"

"అంకుల్ ఓల్డ్ స్కూల్" అన్నాడు ఆమెకేసి నవ్వుతూ.

"నాకు స్కూలే లేదురా, ఓల్డేమిటి?"

ఆమె మధ్యలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నక్కో అంకుల్, వద్దు, వదిలెయ్యుండ్రి." కుర్రాడికి టీ ఇచ్చి పంపింది. ఆ వారం అన్న దగ్గర్నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

ఆ శనివారం క్లాసుకి ఊరికి ఆ చివరనున్న హౌగాంగ్ నుంచి ఒక తెలుగు పాప వచ్చింది. రెండు జడలు, కళ్ళజోడు. సోమవారం బళ్ళో పరీక్ష అని వాళ్ళమ్మ ముందే చెప్పింది. భిన్నాల కూడిక రావటంలేదు. కింది అంకెలు వేరువేరుగా ఉంటే పిల్ల ఆగిపోతోంది. ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. బొమ్మ గీసింది, అడిగింది, కిటికీ వైపు తిరిగింది. పిల్ల ఒక్కో అడుగూ వేసి సరిగ్గా అక్కడికి వచ్చి నిలబడింది. అప్పుడు ఆమె పక్కనున్న గడియారం వైపు చూసి, మిగిలింది రెగ్యులర్ క్లాసులో చేద్దామంది.

"టీచర్, దెన్ ద బాటమ్ నంబర్ హౌ?" అంది పిల్ల.

ఆమె నవ్వింది. చెయ్యి ఊపింది. తెర నల్లబడింది. వేళ్ళు దులుపుకోలేదు. నేను చూశాను.

కాసేపటికి నా తలుపు దగ్గర ఉంది. మకాన్ అయిందా అని అడగలేదు.

"ఆ పిల్ల మొఖం చూసిన్రా అంకుల్? నన్ను తప్పు పట్టలే. తనకే రాదనుకున్నది."

ఫోన్ తీసి ఆ తల్లికి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆ తల్లి కట్ చేసింది. ఎన్నోసారికో ఎత్తి, ఈమె నోరు తెరవకముందే, "సిస్టర్, పెయిడ్ క్లాస్ గురించైతే వద్దండీ, మేం ఇంకా ఆలోచించుకోలేదు" అనేసింది. స్పీకర్‌లో నాకూ వినబడింది.

"ఫీజు మాట కాదమ్మా. పాప ఉందా? ఒక్క పది నిమిషాలు ఇయ్యి."

నా భోజనాల బల్ల దగ్గరే కూర్చుంది. నా పేపరు అంచు మీద గీస్తూ, ఫోన్‌లో ఆ పిల్లకి మిగతా సగం చెప్పింది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ మా వంటింటి కిటికీ వైపు తిరిగింది. ఆ పిల్ల అక్కడెక్కడో హౌగాంగ్‌లో ఉంది, ఈమె ముఖం ఆ పిల్లకి కనబడదు కూడా. అయినా తిరిగింది. చివరికి అటునుంచి "ఓ!" అని ఒక చిన్న కేక వచ్చింది. ఈమె పేపరు మీద వేళ్ళు దులుపుకుంది.

తల్లి ఫోన్ తీసుకుంది. "థాంక్యూ సో మచ్ సిస్టర్. మా పాపకి అర్థమైపోయిందంట. ఇంక క్లాస్ అక్కర్లేదులెండి."

నేను ఎంత గట్టిగా అరిచానో, మలాయ్ ముసలావిడ కారిడార్‌లోకి వచ్చి చూసింది. "చదువుకున్నవాళ్ళేనా వీళ్ళు? సిగ్గుండక్కర్లేదూ!" ఆమె మాత్రం నవ్వుతోంది. నవ్వుతూనే చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ బాబు చెప్పింది నిజమే అంకుల్. ఆపితేనే వస్తరు. కానీ నాకు ఆపనీకి వస్తలేదు. ఏం చెయ్యాలె?"

ఏడాది చివరికి పెట్టె సర్దుకుంది. లిఫ్ట్ దాకా ఆ పెట్టె నేనే లాక్కొచ్చాను. అక్కడ ఆమె అంది, "క్లాస్ బంద్ కాదు అంకుల్. లింక్ గదే. మీ కుర్చీ మీదే. డుమ్మా కొడితే చెవి మెలిపెడ్త."

తోలిచౌకి నుంచి కూడా చెప్పింది. మనకి పది అంటే వాళ్ళకి ఏడున్నర. వెనక కుక్కర్ కూసేది, అన్నగారి పిల్లలు బాత్రూమ్ కోసం కొట్టుకునేవాళ్ళు, ఎవరో వదినగారు "చాయ్ చల్లారుతోంది" అని ఉర్దూలో కేకేసేది. ఆమె చున్నీతో కెమెరా తుడిచి మొదలుపెట్టేది. కొన్నాళ్ళు ఒకరో ఇద్దరో వచ్చేవాళ్ళు. డబ్బు కట్టేవాళ్ళయితే ఎవరూ మిగల్లేదు. ఈ ఊళ్ళో లేని టీచరెందుకు అనుకున్నారేమో. తర్వాత ఆ ఒకరిద్దరూ తగ్గారు.

ఒక శనివారం నేనొక్కణ్ణే.

ఇంకెవరైనా వస్తారేమోనని చూసింది. "ఎవరూ రాలే అంకుల్. కుర్చీ చోప్ చేసి చేసి మీరే మిగిలిన్రు."

నేను మనవరాలు చూపించిన గుర్తుతో మైకు నొక్కాను. "మూసెయ్ అమ్మాయ్. పోయి టిఫిన్ తిను."

"కెమెరా పెట్టుండ్రి."

"ఎందుకు?"

"పెట్టుండ్రి అంకుల్. ఇన్ని దినాలు కూచున్నరు, అడగాలని ఒక్కటి గూడ లేదా?"

ఉంది. ఆ హౌగాంగ్ పిల్ల అడిగినప్పటినుంచీ ఉంది. యార్డులో నా బతుకంతా కొలత టేపు మీదే గడిచింది. పావు అంగుళం, అరపావు అంగుళం. ఎవరో సుద్దతో గీత గీస్తే ఆ గీత మీద కోసేవాణ్ణి. రెండు కొలతలు కలపాల్సి వస్తే టేపు పక్కన టేపు పెట్టి చూసేవాణ్ణి, అంతే. కాగితం మీద కింది అంకెలు ఒకటి చేస్తారే, అదెందుకు చేస్తారో నాకు ఎవరూ చెప్పలేదు. అడిగాను.

ఆమె ముఖం వెలిగింది. నేనెప్పుడూ చూడని వెలుగు.

"పొద్దుగాల ప్రాటా, గదే మన పరాటా, తిన్నరా? రెండు ప్రాటాలు అనుకోండ్రి. ఒకటి మూడు ముక్కలు చేసిన, ఒకటి నాలుగు. దాంట్లకెల్లి ఒకటి, దీంట్లకెల్లి ఒకటి మీకు పెట్టిన. మొత్తం ఎంత తిన్నరు?"

"రెండు ముక్కలు."

"ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది. రెండు అంటే ఎట్ల? ముక్కలన్నీ ఒక్క తీరుగ కొయ్యాలె కదా లెక్క పెట్టాలంటే. రెండింటికీ కుదిరేటట్టు ఎన్ని ముక్కలు కోస్తరు?"

అడిగి, తిరిగింది. అక్కడ ఆమె కిటికీలోంచి ఏం కనబడేదో నాకు తెలియదు. నేను పేపరు మీద గీతలు గీశాను, కొట్టేశాను, మళ్ళీ గీశాను. కుక్కర్ కూసింది. ఎవరో తలుపు కొట్టారు. ఆమె తిరిగి చూడలేదు.

"పన్నెండు ముక్కలు" అన్నాను. "అందులో… నాలుగు, మూడు. ఏడు. పన్నెండులో ఏడు."

నెమ్మదిగా ఇటు తిరిగింది. వేళ్ళు దులుపుకుంది.

"ఇగ మీరు టిష్యూ ప్యాకెట్ కాదు అంకుల్. ఈ కుర్చీ మీ కోసమే ఉండె. ఎవరికీ ఎరుకలే."

ఏదో ఒకటి అనాలని, "ఫీజెంతమ్మా?" అన్నాను.

"మొదటి క్లాస్ ఫ్రీ. వచ్చేవారం నుంచి కట్టుండ్రి. భాగహారం చెప్త."

ఆ వారం మధ్యలో ఆమెకు జ్వరం వచ్చిందట. మామూలు జ్వరమే అనుకున్నారట. శుక్రవారం ఆమె అన్న కూతురు, ఆమె ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఒకే కబురు పంపింది, అత్త పోయిందని. వాటిలో నాదొకటి.

ఆన్‌లైన్ టీచర్లు ఉచిత క్లాసులు పెట్టాలా వద్దా అని ఇప్పుడు కూడా మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వాదించుకుంటూ ఉంటారు. వద్దనే అంటాను. ఊరికే ఇచ్చినదాన్ని ఊరికే తీసుకుని లేచిపోయే జనం ఉన్నంతకాలం వద్దనే అంటాను. అంటాను గానీ, ఆ ఉచిత క్లాసు లేకపోతే నాకు ఆ గదిలోకి దారే లేదు. పైగా, విని వెళ్ళిపోయినవాళ్ళలో చివరివాణ్ణి నేనే. ఆ వచ్చేవారం ఫీజు నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికి కట్టను?

మొన్న అలారం మోగగానే కాఫీ సగంలో వదిలి పైకి వచ్చాను. లాప్‌టాప్ తెరిచాను. మనవరాలి అవసరం లేకుండా లింక్ నేనే నొక్కాను. 'దయచేసి వేచి ఉండండి, టీచర్ ఇంకా క్లాస్ ప్రారంభించలేదు' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి వచ్చింది. తువ్వాలు అంచుతో కెమెరా తుడిచాను.

తొందరేం లేదు. నేను కుర్చీ కొంచెం జరుపుకుని, తెర వైపు చూడకుండా, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.